రాచబాటలో అంగళ్ల వాటా

మన పట్టణములలోని అంగడివీథుల వర్తకులనుండి పురపాలకులకు తఱచుగా నొక విన్నపము పోవుచుండును. దాని రూపము ఎల్లెడల నొక్కటియే. "మా వీథి నాలుగు వరుసల బండ్లు సాగునంత వెడల్పు గలది. ఇరుప్రక్కల నొక్కొక్క వరుసను బండ్లు నిలుపుకొనుటకు విడిచినచో మాకు గిరాకి హెచ్చును, కొనవచ్చువారికి సౌకర్యము కలుగును, సర్కారునకు పన్ను పెరుగును, ఎవరికిని నష్టము లేదు" అని. ఈ విన్నపములోని కడపటి మాట అబద్ధమని మా వాదము. నష్టపడువారు కలరు. వారు విన్నపములు వ్రాయరు, అంతియే.

మొదట కొలత చూతము. ఒక కారు నిలుచుటకు రెండున్నర మీటర్ల వెడల్పును అయిదు మీటర్ల పొడవును కావలెను. మన గజములలో నది పదునైదు గజములు. లోనికి వచ్చుటకును వెలికి పోవుటకును వలయు చోటు కూడ కలుపుకొని పట్టణ నిర్మాణశాస్త్రజ్ఞులు ఆరుబయట నొక్కొక్క కారునకు 23 చదరపు మీటర్లు, అనగా ఇంచుమించుగా ఇరువదియేడున్నర గజములు లెక్కించుచున్నారు. ఆ లెక్కయును మానివేసి, నిలుచు పదునైదు గజములనే తీసికొందము. గజము లక్షరూపాయలు పలుకు వీథిలో నది పదునైదు లక్షల సొత్తు. ఇంత సొత్తును ఎవరికైన నూరక యిండని కోరినచో పురపాలకులు నవ్వుదురు గదా! ఆ కోరికనే కారు పేర కోరినచో మాత్రము దానికి "సౌకర్యము" అని పేరు వచ్చుచున్నది.

మఱియొక లెక్క. వంద మీటర్ల వీథిప్రక్కను కార్లను ఒకదాని వెనుక నొకటి నిలిపినచో పదునాఱింటికి మించి పట్టవు. ఒక్కొక్క కారు గంటసేపు నిలిచి కదలినదనియు, ఒక్కొక్కదానిలో ఇద్దరు వచ్చిరనియు ఉదారముగా ఎంచుదము. ఆ వరుస గంటకు ముప్పదియిద్దరికి ఉపకరించినది. అదే వరుసలో మూడు నిమిషముల కొకటి చొప్పున ఏబదిమంది నెక్కించుకొనిన బస్సులు సాగినచో గంటకు వేయిమంది పోవుదురు. ముప్పదియిద్దరి కొఱకు వేయిమందిని తొలగించుట ఏ ధర్మశాస్త్రములోని సౌకర్యమో మాకు తెలియదు.

ఊహలు చాలించి ఒక నిజమైన వీథిని చూతము. హైదరాబాదులోని కోఠీ, సుల్తాన్ బజారు ప్రాంతము మన పాఠకులలో పెక్కుమంది యెఱిగినదే. 1933 వఱకు నది రెసిడెన్సీ బజారు. ఆ యేట నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చినది. తెలుగువారికి 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసిన తావుగా నా ప్రాంతముపై ప్రత్యేకాభిమానము కలదు. నేడు అచ్చటనే ప్రసూతి వైద్యశాల, చెవి ముక్కు గొంతు జబ్బుల వైద్యశాల, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చిన మహిళా విశ్వవిద్యాలయము, పాతపుస్తకముల అంగళ్లు, నగరపు నలుమూలలకు పోవు బస్సుల మజిలీ. 2020 ఫిబ్రవరినుండి మెట్రోరైలు కూడ సుల్తాన్ బజారు మీదుగా పోవుచున్నది. ఇచ్చటికి వచ్చువా రెవరు? నెలలు నిండిన భార్యను తోడ్కొని వచ్చిన కూలివాడు, పుస్తకములకై వచ్చిన విద్యార్థి, పెండ్లిబట్టలకై పల్లెనుండి వచ్చిన కుటుంబము, కాలేజీ పిల్లలు, ముసలివారు. వీరిలో నత్యధికసంఖ్యాకులు బస్సులోనో, రైలులోనో, ఆటోలోనో వచ్చి, తక్కిన దారి నడచిపోవువారే.

ఇట్టి వీథిలో ప్రక్కవరుస కార్ల కిచ్చినచో జరుగునది చిత్రపటము వేసి చూపనక్కఱలేదు. బస్సు తన మజిలీచోటికి చేరలేదు. నడివీథిలోనే నిలుచును. వెనుకనున్న బండ్లన్నియు నిలిచి కూతలు పెట్టును. చంకలో బిడ్డయు చేత సంచియు గల స్త్రీ నిలిచియున్న రెండు కార్ల నడుమనుండి దూరి, కదలుచున్న స్కూటర్లను తప్పించుకొని బస్సు మెట్టు నందుకొనవలెను. ఒక కారు వెలికి వచ్చుటకు వెనుకకు నడచినపు డెల్ల రెండవ వరుసయు నాగును. కావున ఒక వరుస నిచ్చితిమని పాలకులు తలంతురు. నిజముగా పోయినది ఒకటిన్నర వరుస. ఆ తెల్లగీతల వరుస నిండినపిదప దాని ప్రక్కనే "రెండు నిమిషములు" అని నిలుపువారి సంగతి మేము చెప్పనేల?

2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్రప్రభుత్వపు లెక్క. అందు నడచుచు మరణించినవారు 32,825 మంది. వీరందఱును నిలిపిన కార్ల మూలముననే మరణించిరని మే మనము, అట్లనుట అన్యాయము. కాని కాలిబాట దొరకక బండ్లబాటలో నడచువానికి ప్రాణభయ మధికమని చెప్పుటకు పరిశోధన కావలయునా? 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము ఆటంకములేని కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని చెప్పి, రాష్ట్రముల నందుకు తగిన యేర్పాట్లు చేయుమనినది. ఆ తీర్పు వెలువడినపిదప కూడ కాలిబాటమీద ముందుచక్రములు, బండ్లబాటలో వెనుకచక్రములు పెట్టి నిలిపిన కారునకు మన వీథులలో లోటు లేదు.

వర్తకుల పక్షమున చెప్పదగిన మాట యొకటి కలదు, దానిని దాచము. చిన్న అంగడివాని బ్రదుకు ఆ పూట గిరాకిమీద నాధారపడియుండును. నగరపు వెలుపల పెద్ద పెద్ద మాల్‌లు కట్టి, వాటి క్రింద వందలకొలది కార్లకు తావిచ్చి, కొనువారి నాకర్షించుచున్నపుడు పాతవీథిలోని వర్తకుడు భయపడుటలో వింత లేదు. అతని భయము నిజము. అతడు కోరు మందు మాత్రము అతని జబ్బునకు తగినది కాదు.

ఏలయన, వీథిలో చోటు విడిచినంతమాత్రమున అది కొనువారికి దక్కదు. ఈ సంగతి తొంబదియేండ్ల క్రిందటనే అమెరికాలోని వర్తకులు తెలిసికొనిరి. ఓక్లహోమా నగరమున వీథులలో కార్లు ఊరక నిలుపనిచ్చిన కాలమున, ఉదయమున వచ్చి నిలిపి సాయంకాలము వఱకు కదల్పనివా రెవరని చూడగా, వారు కొనవచ్చినవారు కారు. ఆ అంగళ్లలోను కచ్చేరీలలోను పనిచేయువారే యని తేలినది. వర్తకసంఘమువారు నియమించిన ఉపసంఘమున పనిచేసిన కార్ల్ మెగీ యను పత్రికాసంపాదకుడు దీనికి ప్రతిక్రియగా నాణెము వేసిన గాని నిలువనీయని యంత్రము నాలోచించెను. 1935 జూలై 16వ తేదీన ఆ నగరమున ప్రపంచములోని మొదటి పార్కింగు మీటరు నిలువబెట్టబడినది. గంటకు అయిదు సెంట్లు. వర్తకుల మేలునకే పుట్టిన యంత్ర మది! మన వర్తకమిత్రులు అమెరికానుండి మాల్‌ను తెచ్చుకొనిరి, మెట్లు కదలు యంత్రమును తెచ్చుకొనిరి; ఈ చిన్న నాణెపుపెట్టెను మాత్రము ఓడలో మఱచి వచ్చిరి.

మన కోఠీలోనైనను, రాజమహేంద్రవరములోనైనను, ఉదయము పది గంటలకు అంగడి తలుపులు తీయునపుడు పోయి చూడుడు. అంగడిముందరి మంచిచోటు అప్పటికే నిండియుండును. అది ఎవరి బండి? యజమానిది, లేక గుమాస్తాది. రాత్రి తొమ్మిదింటి వఱకు నది కదలదు. కొనవచ్చినవాడు చోటు దొరకక వీథిచుట్టును మూడుమార్లు తిరుగును. ఆ తిరుగుడే రద్దీలో గొప్పపాలని కాలిఫోర్నియాలోని ఆచార్య డోనాల్డ్ షూప్ తన జీవితమంతయు వాదించెను. 2005లో వెలువడిన ఆయన గ్రంథము ఈ విషయమున ప్రమాణముగా నెంచబడుచున్నది. 2025లో కీర్తిశేషుడైన ఆ పండితుని సూత్రము మిక్కిలి సులభము: ప్రతి వీథిముక్కలోను ఎల్లప్పుడును ఒకటి రెండు చోట్లు ఖాళీగా నుండునంత వెల పెట్టుము, ఆ సొమ్మును ఆ వీథి బాగునకే వెచ్చింపుము. మన దేశపు జాతీయ నగర రవాణా విధానము కూడ 2006లోనే పార్కింగు రుసుము ఆ నేల విలువకు తగినట్లుండవలెనని చెప్పినది. చెప్పి ఇరువదియేండ్లగుచున్నది. ఇప్పటికిని మన వీథులలో ఇరువది రూపాయలడిగిన గుత్తేదారుతో పట్టుబట్టల మూట మోయుచు పోట్లాడువారిని చూచుచున్నాము.

కారులో వచ్చువారే తమ పోషకులనుట కూడ వర్తకుల భ్రమ. ఇది మా నింద కాదు. ఇతరదేశములలో అడిగి, లెక్కించి చూచిన సంగతి. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున 2006లో అంగడివారి నడుగగా తమవద్దకు వచ్చువారిలో నూటికి 41 మంది కారులో వత్తురనిరి. వచ్చినవారినే అడుగగా నూటికి 22 మందియే. కెనడాలోని టొరాంటోలో బ్లూర్ వీథిని 2009లో పరిశీలించినపుడు నూటికి పదిమంది మాత్రమే కారులో వచ్చువారని తేలినది. ఆ దేశములలోనే ఇట్లున్నపుడు మనమాట యేమి? 2011 జనాభా లెక్కలనాడు మన దేశపు పట్టణములలో కారుగల కుటుంబములు నూటికి పదికూడ కావు. పిదప పెరిగినవి, నిజము. ఎంత పెరిగినను కారులేని కుటుంబములే నేటికిని ఎక్కువ. వారు కొనరా? వారి డబ్బు చెల్లదా? కారు దిగినవాడు ద్వారముముందర కనబడును కనుక వర్తకుని కంటి కతడు పెద్దవాడు. బస్సు దిగి నడచి వచ్చిన పదిమందియు గుంపులో కలిసిపోవుదురు.

లాడ్‌బజారును చూడుడు. చార్మినారు ప్రక్కనున్న యా గాజుల వీథిలో అంగడి గుమ్మమున కారు నిలుపుటకు తావెక్కడిది? అయినను పండుగనాడు అచ్చట అడుగిడ సందుండదు. లక్కగాజులకై స్త్రీలు దూరదూరమునుండి వచ్చి, ఎక్కడో దిగి, నడచి, బేరమాడి, మరల నడచిపోవుదురు. ఢిల్లీలో చాందినీచౌకును బాగుచేసి, 2021నుండి ఉదయము తొమ్మిదింటినుండి రాత్రి తొమ్మిదింటివఱకు మోటారుబండ్లను నిషేధించిరి.

మనకు మఱింత దగ్గఱి దృష్టాంతము చెన్నపట్టణమున కలదు. తెలుగువాడైన పిట్టి త్యాగరాయచెట్టిగారి పేర వెలసిన త్యాగరాయనగరమున, పానగల్లు రాజావారి పేరిటి తోటనుండి సాగు పాండీబజారు వీథిని 2019 నవంబరులో నడచువారి వీథిగా మార్చిరి. అచ్చటను బండ్లబాట వెడల్పును తగ్గించిరి. ఇది పాఠకులు గమనింపవలెను. మా వాదము వరుసలు తగ్గింపరాదని కాదు. అంగడివీథిలో బండ్లు మెల్లగా పోవుటయే మేలు. తగ్గించిన చోటు ఎవరికి దక్కినదన్నది ప్రశ్న. పాండీబజారున నది విశాలమైన కాలిబాటయై, కూర్చుండు బల్లలై, పిల్లలు పరుగెత్తు తావై ప్రజలకు దక్కినది. కార్లకు సమీపమున అంతస్తులుగల వేఱు కట్టడమును చూపిరి. మన విన్నపముల ప్రకారమైనచో నదే చోటు ఇనుపపెట్టెల వరుస యగును.

ఇంతకును వర్తకులకు తావు లేదా? ఉన్నది, వారు దానిని మ్రింగిరి. ఈ మాట కటువుగా నున్నను చెప్పక తప్పదు. పెద్ద కట్టడము కట్టువాడు నిర్మించిన వైశాల్యములో నింతపాలు బండ్ల కొఱకు విడువవలెనని కట్టడపు నియమములు శాసించుచున్నవి. ఉమ్మడిరాష్ట్రమున 2012లో వెలువడిన 168వ నంబరు ఉత్తరువు ఈ పాళ్లను పట్టికగా వేసి చూపినది. ఆ నియమము ప్రకారము పటమున సెల్లారు గీయబడును, అనుమతి దొరకును, కట్టడము లేచును. ఆ పిదప ఎన్ని కట్టడములలో ఆ సెల్లారు వస్త్రముల గిడ్డంగి యగుట, టిఫిను హోటలగుట, జిరాక్సు దుకాణమగుట మనము చూడలేదు? సర్కారు అప్పుడప్పుడు మేల్కొని కొన్నింటి గోడలు పడగొట్టును. పత్రికలలో బొమ్మలు పడును. ఆరునెలలకు మరల గోడ లేచును. సెల్లారు అద్దె యజమానుని జేబులో పడుచున్నది. ఆ సెల్లారులో నుండవలసిన కార్లు వీథిలో నిలుచుచున్నవి. ఇట్లు తన తావును అద్దెకిచ్చుకొని, ప్రజల తావును ఉచితముగా నడుగుటను విన్నపమనుటకంటె దావా యనుట మేలు. అదియును తప్పుడు దావా.

అదే వీథిలో తోపుడుబండిపై జామపండ్లమ్ము ముసలమ్మను తలంపుడు. ఆమె కొఱకు పార్లమెంటు 2014లో వీథివర్తకుల జీవనోపాధి రక్షణచట్టమును చేసినది. పట్టణ వర్తకసమితి యుండవలెననియు, లెక్క వ్రాయవలెననియు, అమ్ముటకు మండలములు గుర్తింపవలెననియు శాసించినది. ఆమె బండి పట్టు చోటు రెండు గజములు. రాకపోకల కడ్డమని పోలీసువారు రోజున కొకమారైనను ఆమెను కదలింతురు. ఆమె లేచిన చోట పదునైదు గజముల కారు వచ్చి నిలుచును. అది అడ్డము కాదట! ఆమె పగలంతయు నూరుమందికి పండ్లమ్మును. కారు పగలంతయు ఎండకాగును. ప్రక్కవరుసను ఎవరికైన నీయదలచినచో మొదటి హక్కు ఈమెదని మా యభిప్రాయము. ఈ సంగతిని విన్నపమున చేర్చిన వర్తకసంఘ మేదియు మా కంటబడలేదు.

ఇక మన యిండ్లలోని మాట. ఈ పత్రిక చదువు కుటుంబములలో కారుగలవి చాల కలవు. వర్తకుడు మన పేరు చెప్పియే వీథిని కోరుచున్నాడు కనుక మన మూరకుండరాదు. నగల అంగడికి పోవునపుడు గుమ్మముముందర దిగకున్నచో గౌరవము తఱుగునను భావ మొకటి మన మధ్యతరగతిలో నాటుకొనినది. పెండ్లి కొనుబడులలో నిది విశేషము. పెండ్లివారితో బస్సులో పోవుటా! వియ్యపురాలు చూచినచో! పూర్వము పల్లకి దిగిన చోటునుబట్టి దొరతనము కొలిచినట్లు నేడు కారు నిలిచిన చోటునుబట్టి కొలుచుచున్నాము. వరకట్నమును నిరసించు నోటితోనే ఈ దొరతనమును సాగనిచ్చుట మనకు తగునా? ముసలితల్లియు, నడువలేనివారును గుమ్మముకడ దిగవలసినదే. వారిని దింపుటకు రెండు నిమిషములు చాలును, రెండు గంటలు కావలెనా? జపానుదేశమున 1962లో చేసిన చట్టము ప్రకారము కారు నిలుపుకొను తావు తనకు కలదని ఋజువు చూపినగాని కారును తనపేర వ్రాయించుకొన వీలులేదు. కారు కొనువాడు దానికి కొట్టమును కూడ తానే చూచుకొనవలెననుట ఎద్దును కొనిన రైతున కెవరును నేర్పనక్కఱలేని సంగతి. నాలుగంతస్తుల యిల్లు కట్టి, క్రిందిభాగము అద్దెకిచ్చి, కారును ఎదురింటివారి గోడప్రక్క నిలుపు విద్యావంతుల కేల తెలియదో!

మేము కోరున దింతే. సరకు దింపు బండ్లకు తెల్లవారుజామున వేళ యేర్పఱుపుడు. వికలాంగుల బండ్లకును, ఆటోలకును, రోగులను దింపు బండ్లకును గుమ్మములకడ కొద్ది చోటు గుర్తింపుడు. దీనికెవరును అడ్డు చెప్పరు. తక్కిన కార్లకు ప్రక్కసందులలో చోటున్నచో వెల పెట్టి, గంట దాటినకొలది వెల హెచ్చించి, ఆ డబ్బుతో ఆ వీథిలోని కాలిబాటయు మరుగుదొడ్డియు కట్టింపుడు. కోఠీవంటి చోట స్త్రీలకు మొదట కావలసినది ఆ మరుగుదొడ్డి. పార్కింగు విన్నపములలో నదియును మాకు కనబడలేదు.

బస్సు నడచు వరుసను మాత్రము ఏ కారణముచేతను ముట్టరాదు. ఏ వీథిలోనైనను తెల్లగీత గీయుటకు పూర్వము పురపాలకులు రెండు పనులు చేయవలెను. ఒకటి, ఆ వీథిలో ఒక్క పనిదినమంతయు నిలుచుండి నడచువారిని, బస్సు దిగువారిని, కారు దిగువారిని వేఱువేఱుగా లెక్కించుట. రెండవది, ఆ వీథిలోని ప్రతి కట్టడమునకు అనుమతిపటములో ఎన్ని కార్ల చోటు చూపబడినదో, నేడు సెల్లారులో నేమి యున్నదో రెండు నిలువుగళ్లలో వ్రాసి వార్డు కార్యాలయపు గోడకు అంటించుట. విన్నపముపై చేవ్రాలు చేసిన వర్తకుల పేర్లును ఆ పట్టిక ప్రక్కనే అంటించినచో చదువుకొనువారికి శ్రమ తగ్గును.